నిద్రపోతున్న బొగ్గు

"ఈ బురదలో బొగ్గుందంటారా?"

వెంకటప్పయ్య పడవలోంచి వంగి చూశాడు. బెజవాడ వన్ టౌన్‌లో మూడు తరాల బొగ్గుల కొట్టు ఆయనది. కిరసనాయిలు కరువొచ్చి ఊరంతా కుంపటి మీద పడ్డ ఆ డెబ్బై నాలుగులో ఆయన కొట్టు కుంపటి కంటే వేడిగా ఉంది. అందుకే నాగాయలంక దిగువన, సముద్రపు పాయ ఒడ్డున, నలభై ఎకరాల మడ అడవిని ఇరవై ఏళ్ళ కౌలుకు తీసుకున్నాడు. సోమవారం గొడ్డళ్ళు దిగుతాయి.

అడవి బొగ్గయితే ఆదెమ్మ బతుకు బుగ్గి. ఆ చెట్ల వేళ్ళ సందుల్లో పీతలు పట్టుకునే బతుకుతోంది ఆమె. గాలివాన వస్తే ఆమె గుడిసెకు అడ్డం నిలిచేవీ ఆ చెట్లే. బతిమాలింది, తిట్టింది, చివరికి ఇవాళ ఒక ప్రొఫెసరుగారిని వెంటబెట్టుకొచ్చింది.

పేరు కృపానందం. తెల్లచొక్కా, కళ్ళజోడు, చేతిలో ఇనుప గొట్టం. షావుకారు మొహం చూడగానే ఆయన ఒక్క క్షణం తడబడి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఉందండీ. పైన చెట్లలో ఉన్నదానికి మూడింతలు కింద ఉంది."

"మండుతుందా?" గుమాస్తా పుల్లయ్య ఆశగా అడిగాడు. మైలవరం నుంచి వచ్చి కొట్లో చేరి రెండు నెలలే అయినా, అప్పుడే బొగ్గు తప్ప వేరే రంగు కనపడ్డం లేదతనికి.

"మండదు బాబూ. నిద్రపోతోంది."

పోటు మొదలై నీళ్ళు చప్పుడు చేయకుండా వేళ్ళ మధ్యకు పాకుతున్నాయి. పొగమంచులో పాయ ఏదో ఆకాశం ఏదో తెలియడం లేదు. పడవ మబ్బు మీద ఆగినట్టుంది.

"మడి కట్టుకున్నట్టు అక్కడే కూర్చుంటే ఎట్టా షావుకారుగారూ? మడలోకి దిగండి!" అంది ఆదెమ్మ.

వెంకటప్పయ్య పంచె ఎగ్గట్టి దిగాడు. మోకాలి దాకా చల్లగా మింగింది బురద. ప్రొఫెసరు గొట్టాన్ని నిలబెట్టి, మెలితిప్పుతూ దించి, ఒక్క ఊపున పైకి లాగాడు. నల్లటి మట్టి జారి షావుకారు దోసిట్లో పడింది. అందులో ఒక ఆకు. నల్లబడిందే గాని ఈనె కూడా చెదరలేదు.

"ఇది ఎప్పుడు రాలిందండీ?"

"మీ తాతగారి కాలంలో అయ్యుండొచ్చు. కంకిపాడు దగ్గర అరవై అడుగుల కింద కూడా ఇలాంటివి తేలాయి. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేదట."

"మీరు తవ్వారా?"

"తవ్వాం... పరిశోధనలో."

"మరి కుళ్ళదేం?"

"ఒడ్డున రాలిన ఆకు కుళ్ళి గాలైపోతుందండీ. ఇక్కడ బురద దానికి గాలి తగలనివ్వదు. ఆ ఆకు గాలిలోంచి ఏ పొగ పీల్చుకుందో, ఆ బొగ్గంతా దానితోపాటే పడుకుని ఉంటుంది."

వెంకటప్పయ్య దోసిలి మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"ఏ పొగైనా?"

"ఏ పొగైనా."

"మా అమ్మ నలభై ఏళ్ళు కొట్టు వెనకాల కుంపటి ఊదింది. ఊదీ ఊదీ, దగ్గీ దగ్గీ పోయింది. ఆ పొగ కూడానా?"

ప్రొఫెసరు గొట్టానికంటిన బురద అరచేత్తో తుడిచాడు.

"పొగకి చిరునామా ఉండదు కదండీ. గాలి మోసుకొస్తే వస్తుంది. ఆకు దాచుకుంటే ఉంటుంది."

"నరికితే?"

"ఎండ తగులుతుంది. బురద బీటలు వారుతుంది. పడుకున్నదంతా లేచి వెళ్ళిపోతుంది."

ఒక పీత వెంకటప్పయ్య పాదం మీదుగా తాపీగా నడిచి వెళ్ళింది. ఆయన కదల్లేదు. దోసిట్లో మట్టిని నెమ్మదిగా గుంటలోనే దించి, అరచేత్తో అదిమాడు.

"పుల్లయ్యా, సోమవారం కూలీల్ని రావద్దను."

"ఎన్నాళ్ళండీ?"

"కౌలున్నన్నాళ్ళూ."

ఎప్పుడూ నోరు మూయని ఆదెమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

తిరుగు ప్రయాణంలో పడవవాడు తెడ్డు వేస్తున్నాడో, నీళ్ళే మోసుకెళుతున్నాయో తెలియడం లేదు. ఎంత ఆపుకున్నా పుల్లయ్య ఉండబట్టలేకపోయాడు.

"ఎంతైనా చదువు చదువేనండీ! తూచే త్రాసునే నమ్మరు మీరు. అంత పెద్ద ప్రొఫెసరు గనక మిమ్మల్ని నమ్మించాడు. అదే మాట ఏ కూలివాడో చెబితే వినేవారా?"

వెంకటప్పయ్య కళ్ళు మూసుకుని, చేయి నీళ్ళలో వేలాడేసి కూర్చున్నాడు. పెదవుల మీద సన్నగా నవ్వు మెదిలింది.

"పోయినేడు మా పెరట్లో బోరు వేసింది ఆయనే పుల్లయ్యా."