టీచరమ్మ వాటా

మనం ఇచ్చింది దేవుడు తీసుకున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? బేకరీ ఆవిడకు ఏళ్లుగా ఇదే అనుమానం. రోజూ పొద్దున్నే దేవుడి ముందు ఏదో ఒకటి పెడుతుంది. పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఆయన తిన్నాడనుకుని తనూ కాస్త నోట్లో వేసుకుంటుంది. దేవుడితో అయితే అలా సరిపోతుంది.

మనిషి ముందు పెట్టింది కూడా అలాగే ఉండిపోతే ఏమనుకోవాలి?

ఏటా సెలవులకు ముందు రోజు ఆవిడ ఈ బడికి వస్తుంది. రెండో తరగతి పిల్లలతో బిస్కట్ ఉండలు చేయిస్తుంది. పొయ్యి అక్కర్లేదు. బిస్కట్లు నలిపి, పాలపొడి, వెన్న కలిపి, ఉండ చుట్టి, చక్కెర పొడిలో దొర్లించడమే. తలా ఆరు. రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, ఎవరికివ్వాలో వాళ్ల పేరు రాసుకుని పిల్లలు ఇంటికి పట్టుకెళ్తారు. తను చుట్టిన ఆరూ మాత్రం ఆవిడ టీచరమ్మ బల్ల మీద పెడుతుంది.

టీచరమ్మ "తర్వాత తింటాను" అంటుంది. తినదు. సాయంత్రం పొట్లం విప్పకుండానే ఆయా చేతికి వెళ్తుంది. ఏడేళ్లలో ఏడు "తర్వాత"లు.

ఈ నెలాఖరుకు ఆవిడ బేకరీ మూసేస్తోంది. మోకాళ్లు నిలబడనివ్వడం లేదు. చెల్లెలి ఊరు వెళ్లిపోతోంది. అంటే బడికి రావడం ఇదే ఆఖరుసారి. ఒక్కటంటే ఒక్క ఉండ టీచరమ్మ తింటే చాలు, ఇంకేమీ అడగనని పొద్దున దేవుడికి చెప్పి మరీ వచ్చింది.

చక్కెర పొడి చేయడానికి సంచిలోంచి కొత్త మిక్సీ జారు తీసింది. అట్టపెట్టె కూడా ఇంకా విప్పలేదు. టీచరమ్మ చూస్తుండగా విప్పింది. టీచరమ్మ దాన్ని వెనకా ముందూ తిప్పి చూసి, కడిగించి, తన చేత్తోనే తుడిచి ఇచ్చింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, బిస్కట్ ప్యాకెట్ల వెనక ఉన్న చిన్న అక్షరాలు మొదటి నుంచి చివరిదాకా చదివింది. ప్రతి ప్యాకెట్టూ చదివింది.

నిరుడే పనిలో చేరిన ఆయాకు ఇదంతా తమాషాగా ఉంది. "ఏటా కొత్త జారేనా అక్కా? మీ ఇంట్లో జార్లకే ఒక గది ఉండాలి" అంది. టీచరమ్మ అటు తిరగగానే గొంతు తగ్గించి, అంత గొప్పేంటో, బేకరీ వాళ్ల చేతివి ఆవిడకు అరగవా ఏమిటని దెప్పింది. పెద్ద టీచరు అసలు ఈ ఉండల గొడవే వద్దంటే టీచరమ్మే పట్టుబట్టిందట కదా, రమ్మన్న మనిషికి మళ్లీ ఆ మొహం ఏంటని అడిగింది. బేకరీ ఆవిడ రిబ్బను ముక్కలు కత్తిరిస్తూ ఉండిపోయింది.

పిల్లలు పనిలో పడ్డారు. ఒకడి ఉండ గోలీ అంత, ఇంకొకడిది క్రికెట్ బంతి అంత. అందరి ముక్కుల మీదా చక్కెరే. ముందు పళ్లు రెండూ ఊడిన ఒక జడల పిల్ల వచ్చి, బేకరీ ఆవిడ కొంగు పట్టుకుని నోరు తెరిచింది.

ఉండ ఉన్న చేతిని ఆవిడ గబుక్కున వెనక్కి లాక్కుంది.

"ముందు మీ టీచరమ్మను అడుగు తల్లీ."

టీచరమ్మ సొరుగులోంచి జాబితా తీసింది. ఆ పిల్ల పేరు దగ్గర వేలు పెట్టి చూసింది. "దీనికి అన్నీ పడతాయి. పెట్టండి" అంది.

ఆవిడ ఉండను పిల్ల అరచేతిలో పెట్టింది.

"నోట్లో" అంది పిల్ల.

"నేను నోట్లో పెట్టనమ్మా. నువ్వే తిను."

ఆయా పకపకా నవ్వింది. ఒకరు తినరు, ఒకరు తినిపించరు, ఇద్దరికిద్దరూ సరిపోయారంది. టీచరమ్మ నవ్వలేదు. బేకరీ ఆవిడ చేతి వంకే చూస్తూ నిలబడింది.

గంట కొట్టారు. పిల్లలు పొట్లాలు గుండెకు హత్తుకుని వెళ్లిపోయారు. ఆయా చీపురు కోసం వెళ్లింది. గదిలో చక్కెర పొడి, రిబ్బను పీలికలు, చిన్న చిన్న కుర్చీలు మిగిలాయి. ఆవిడ తన పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఊరు విడిచి వెళ్తున్నానని, వచ్చే ఏడు రాలేనని చెప్పింది. సంచి భుజాన వేసుకుంది.

టీచరమ్మ పొట్లం వంక చాలాసేపు చూసింది. మెల్లగా రిబ్బను లాగింది.

"ఆగండక్కా."

టీచరమ్మ నోట ఆ పిలుపు విని ఆవిడకు ఎనిమిదేళ్లయింది.

"మీ చేత్తో పెట్టండి" అంది టీచరమ్మ.

ఆవిడకు చేయి లేవలేదు. ఉండ ఆ వేళ్ల మధ్య పెట్టి, టీచరమ్మే ఆ చేయి పట్టుకుని తన నోటిదాకా తెచ్చుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. మింగడానికి చాలాసేపు పట్టింది. ఏడు "తర్వాత"ల బాకీ తీరింది.

ఎనిమిదేళ్ల కిందట ఇదే గదిలో, వేరుశనగలు పొడి చేసిన జారులోనే చక్కెర కూడా పొడి చేసిన సంగతి మరిచిపోయి బేకరీ ఆవిడ ముద్దుగా నోట్లో పెట్టిన ఉండే, టీచరమ్మ కొడుకు, వేరుశనగ ఒంటికి పడని ఆ పిల్లాడు, తిన్న ఆఖరి తిండి.