నేలను తాకిన నిమ్మకాయ

గంట మోగేసరికి విహారిక జట్టు రోబో, పైనున్న కడ్డీ పట్టుకుని గాల్లో వేలాడుతోంది. నేలను తాకకుండా వేలాడితే ముప్పై పాయింట్లు. అయినా బోర్డు మీద సున్నా పడింది.

"ఎందుకు?" అని అరిచింది విహారిక.

"రోబోలో ఒక భాగం నేలను తాకుతోంది," అంది తీర్పరి యంత్రం. పొద్దుటి నుంచీ అది నిబంధనలకు వివరణ మీద వివరణ ఇస్తూ పిల్లల ప్రాణాలు తోడేస్తోంది.

తీరా చూస్తే, రోబో నడుముకు కట్టిన దిష్టి తాడు కిందికి జారింది. దాని చివరనున్న నిమ్మకాయ నేలకు ఆనుతోంది. కట్టింది ఫిజిక్స్ చెప్పే భాస్కరం మాస్టారు.

"అది రోబో కాదు, నిమ్మకాయ!" అంది విహారిక.

"పనిచేసేదైతే భాగమే. ఉత్త అలంకారమైతే లెక్కలోకి రాదు. కట్టినవారు చెప్పాలి. అది ఏదైనా పని చేస్తుందా?"

"చేయదని చెప్పేయండి సార్! రాష్ట్ర పోటీలు పోతాయి!"

మాస్టారు తాడు వైపు చూశారు. నిరుడు తాడు కట్టని రోబో పడి ముక్కలైంది మరి.

"ఏ పనీ చేయదండీ," అన్నారు చివరికి.

బోర్డు మీద ముప్పై పాయింట్లు వెలిగాయి. పిల్లలు ఈలలు వేశారు. అంతలోనే మాస్టారు నిమ్మకాయ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, చటుక్కున లెంపలు వేసుకున్నారు.

తీర్పరి కెమెరా ఆయన మీద ఆగింది.

"కట్టినవారు దానికి క్షమాపణ చెప్పుకున్నారు. కాబట్టి అది పనిచేసేదే."

ముప్పై మళ్లీ సున్నా అయింది.

"ఇప్పుడు లెంపలెందుకు వేసుకున్నారు సార్?" విహారికకు ఏడుపొక్కటే తక్కువ.

"అబద్ధమాడాను కదమ్మా," అన్నారు మాస్టారు.