గంజి కుండ

మా ఆయన సిద్ధరాములు నా వంటను మెచ్చుకోగా పదేళ్లలో ఒక్కసారే విన్నాను. అదీ వంటే కాదు.

నూలు ధరలు మండిపోయి భవాని పేటలో సగం మగ్గాలు ఆగిపోయిన రోజులవి. ఆ పొద్దున ఇంట్లో ఉన్న జొన్నపిండితో, మగ్గం మీది పడుగు దారాలు గట్టిపడేందుకు పట్టించే గంజి కాయగా, ఒక్క రొట్టెకే పిండి మిగిలింది.

ఆ రొట్టె కాల్చి పెట్టి, నేను నీళ్లు పట్టుకొచ్చేసరికి ఆయన మూతి తుడుచుకుంటున్నాడు. పడుగుకు పెట్టగా మిగిలిన గంజి కుండ ఖాళీ.

"ఇయ్యాల అంబలి మస్తు కాసినవ్ ద్రౌపదీ. కడుపు నిండింది. ఆ రొట్టె నువ్వే తిను."

రోజూ ఉప్పు తక్కువ, కారం ఎక్కువ అని సణిగే నోటికి తగిన శాస్తి అనుకున్నాను. లోపల నవ్వుకుంటూ పల్లీల శేంగా చట్నీతో రొట్టె మొత్తం తిన్నాను. చెయ్యి కడుక్కున్నాకే చెప్పాను.

"అది అంబలి కాదు, పడుగు గంజి. తాగెటప్పుడు తెల్వలేదా?"

ఆయన తెగిన పోగు అతుకుతూ తల ఎత్తలేదు.

"కుండలకెల్లి గంజి పూసే కుంచె తీసి పక్కకు పెట్టిందెవరనుకున్నవ్? రొట్టె ఒక్కటే ఉండె. సగం సగమంటే నువ్వు మొత్తం నాకే పెడ్తుంటివి."

నేను ఖాళీ కుండ కడగడానికి చేతిలోకి తీసుకున్నాను.

"అయినా నీ అంబలి కంటే గంజే నయం," అన్నాడు.