సోఫా అడుగుబట్ట

పోయిన వస్తువు అనుమానం రాకుండా దొరకాలంటే, దాన్ని మరొకరి చేయి బయటికి తీయాలి. ఎటోబికోలోని తన ఇంటి హాల్లో, పాత సోఫాకు ఎదురుగా కూర్చున్న లక్ష్మీకాంతం పథకమంతా అదే.

రెండేళ్ళ క్రితం అత్తగారు పోతూ పోతూ తన కాసులపేరు కూతురు సీతాదేవికి ఇమ్మన్నారు. దినకర్మలు ముగియగానే లక్ష్మీకాంతం దాన్ని సోఫా చేతికీ సీటుకీ మధ్యనున్న చీలికలోంచి, చేయి అందనంత లోతుకు జారవిడిచి, ఎవరో కాజేశారని గోల పెట్టింది. నింద మోయడానికి మనిషి ఇంట్లోనే ఉంది: బేస్‌మెంటులో అద్దెకుంటున్న కరీంనగర్ పిల్ల అమృత. కాలేజీ సీట్లు పట్టుకుని విద్యార్థులు విమానాల కొద్దీ దిగుతూ, ఒక్కో బేస్‌మెంటులో ఆరేసిమంది సర్దుకుంటున్న రోజులవి. అలాంటి పిల్ల తరఫున మాట్లాడేవారెవరు? లక్ష్మీకాంతం ఆ పిల్ల సూట్‌కేసు బోర్లించి వెతికింది. మర్నాడే జనవరి చలిలోకి వెళ్ళగొట్టింది. వెళ్ళేముందు హాలు ఊడ్చి వెళ్ళమనడం మాత్రం మరిచిపోలేదు. ఆ సాయంత్రమే సీతాదేవి కూడా రెజైనాలోని తన ఇంటికి విమానం ఎక్కింది; ఉత్త చేతులతో పోతోందనుకుంది లక్ష్మీకాంతం.

ఇప్పుడు భర్త వీరరాఘవులుకు షష్టిపూర్తి దగ్గర పడింది. పీటల మీద ఆ కాసులపేరు వేసుకుని కూర్చోవాలని లక్ష్మీకాంతం కోరిక. ఫోనులో ఆడపడుచు మనసు తడిమి చూసింది.

“దొరికితే నువ్వే వేసుకో వదినా, నాకెందుకు?” అన్నది సీతాదేవి. సోఫాకు కొత్త బట్ట వేయిస్తానంటే, మంచి షాపు నంబరు కూడా తానే ఇచ్చింది. వెర్రిబాగులది అనుకుంది లక్ష్మీకాంతం.

ఆ షాపు నుంచి శాంపిల్ పుస్తకాలు మోసుకొచ్చిన మనిషి అమృత.

లక్ష్మీకాంతం ఒక్క క్షణం తెల్లబోయి, తమాయించుకుంది. మంచిదే, ఈ పిల్ల కళ్ళముందే దొరుకుతుంది. ‘పొరపాటు పడ్డానమ్మా’ అనేస్తే పోయె. ఆ మాటకు ఖర్చేముంది?

“ఇంత దూరం చదువుకోవడానికొచ్చి, చివరికి సోఫాలు కుడుతున్నావన్నమాట!”

“చదువు అయిపోయింది ఆంటీ. వర్క్ పర్మిట్ వచ్చింది. మా బాపు చేసేది కూడా ఇదే పని.”

“కనబడుతూనే ఉందిలే,” అంటూ లక్ష్మీకాంతం రెండు వేళ్ళతో శాంపిళ్ళు తిరగేసింది. “ఇది గోనెసంచి. ఇది హోటల్ కర్టెన్. ఇదేమిటి, మీ బేస్‌మెంటు పిల్లలు కప్పుకునే దుప్పటా?”

చివరికి ముదురాకుపచ్చ ముఖమల్ దగ్గర ఆ వేళ్ళు ఆగాయి.

“మంచిగ చూసుకోండ్రి ఆంటీ. ఇటు నిమిరితే ఒక రంగు, అటు నిమిరితే ఇంకో రంగు కనబడుతది.”

“చూడటం నాకు నేర్పకు. అదే వెయ్యి. ముందు అడుగుబట్ట విప్పి, లోపల చెక్క పుచ్చిందేమో చూడు.” లక్ష్మీకాంతం గొంతు పెంచింది. “ఏమండీ, ఒకసారి ఇలా వచ్చి చూడండి!”

సాక్షి కావాలి కదా. వీరరాఘవులు వచ్చి, సోఫా బోర్లించడానికి ఒక చేయి వేశాడు.

అమృత ఒక్కొక్క పిన్నూ పీకింది. నల్లని అడుగుబట్ట వేలాడింది. లోపలినుంచి ఒక పెన్ను మూత, ఎండిపోయిన రెండు జీడిపప్పులు, పావు డాలరు బిళ్ళ రాలాయి.

“ఇంకా చూడు.”

“ఇంకేం లేదు ఆంటీ.”

లక్ష్మీకాంతం మోకాళ్ళమీద కూలబడి స్ప్రింగుల మధ్య చేతులు పెట్టి కెలికింది. ఒక మూల, ఇంకో మూల. గాజులు చెక్కకు కొట్టుకున్నాయి. “లేకపోవడమేమిటి? ఇక్కడే ఉండాలి! నా చేతులతో నేనే వేశాను!”

“ఏం వేశావు?” అన్నాడు వీరరాఘవులు.

జవాబు అమృత చెప్పింది.

“కాసులపేరు, అంకుల్. ఆంటీ నన్ను దొంగ అన్ననాడు అది ఈ సోఫాలనే ఉండె. తెల్లారి ఊడుద్దామని సోఫా జరిపితే గల్లుమన్నది. విప్పి తీసి, విమానం ఎక్కకముందే సీతమ్మగారి చేతిల పెట్టిన.”