ఐదో బల్ల

నాలుగు తనే తీశాడు, సరే. మరి ఈ ఐదోది ఎవరు తీసినట్టు?

వడ్రంగి మేస్త్రి బంగారరాజు జెట్టీ మీద గొంతుక్కూర్చుని ఆ ఖాళీకేసి చూస్తున్నాడు. గోదావరి ఎప్పుడో వదిలేసి వెళ్లిన పాత పాయ ఇక్కడ సరస్సయి కూర్చుంది. అవతలి లంకవాళ్లు ఊళ్లోకి రావాలంటే సూర్యారావు పడవే గతి. పడవ దిగాలంటే ఈ జెట్టీయే గతి.

తాత తాటి మొద్దులు దింపి కట్టాడు. తొంభై ఆరు తుపాను దాన్ని ఎత్తుకుపోతే, నాన్న సరుగుడు గుంజలు పాతి మళ్లీ నిలబెట్టాడు. ఇప్పుడున్న మద్ది బల్లలు తను వేసినవి. మూడు తరాలు మరమ్మతు చేసిన జెట్టీకి మొదటి దొంగ తనే అయ్యాడని తలుచుకుంటే, సిగ్గు కన్నా ముందు నవ్వొచ్చేది.

ఎప్పుడూ ఒకటే చోటు, పడవ ఆగే కొస నుంచి మూడోది. తీసేసి, కొత్త చెక్క ఆరాలని పది రోజులు సాగదీసేవాడు. తీసినవి అమ్ముకున్నదీ లేదు. నాలుగూ పెరట్లో కొబ్బరి డొక్కల కింద పడున్నాయి. ఎందుకు తీస్తున్నావని మనసు అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడు. భార్య పోయిన తొమ్మిదేళ్లలో తనతో తను మాట్లాడుకోవడం అలవాటైంది, అబద్ధాలు చెప్పుకోవడం కూడా.

కానీ పోయిన వారం పంచాయతీ సెక్రటరీ సూర్యకుమారి సూర్యారావుని అనుమానించింది. ఇంకొక్క బల్ల పోతే పడవ వేరేవాళ్లకి ఇచ్చేస్తానంది. బంగారరాజు హడలిపోయి దొంగతనం మానేశాడు. మొన్న కొత్త బల్లకి ఆరు మేకులు కొట్టి, కింద మొనలు మడిచి మరీ బిగించాడు. నిన్న పొద్దున్న జనం దాని మీద టకటకా నడిచిపోయారు.

ఇవాళ లేదు. పైగా ఎంత మొరటు పని! మొనలు విప్పకుండా, పైనుంచి ఏ గునపమో దూర్చి లాగేశారు. దూలం నిండా చీలికలు. దొంగతనానికైనా ఓ పనితనం ఉండద్దూ?

మొదటి ట్రిప్పు వచ్చి ఆగింది. జనం ఖాళీని గెంతి దిగుతున్నారు. సూర్యకుమారి అప్పటికే జెట్టీ మీద కాచుకుని ఉంది.

"మీ పడవలోకి కొత్త బల్లలు ఎక్కణ్ణించి వచ్చేయండీ, సూర్యారావు గారూ?"

"రాజోల్లో కొన్నానండీ బాబూ! నిన్న ఆఖరి ట్రిప్పుకి నేనొచ్చేసరికే ఇక్కడ బల్ల లేదండి. ఎక్కడానికి రెబెకా టీచర్ గారొక్కరే ఉన్నారు. అడగండి."

లంక నుంచి రోజూ ఊరి బడికొచ్చే రెబెకా టీచర్ ఇంకా పడవలోనే ఉంది. ఆవిడ గొడుగు ముడుస్తూ తలూపింది.

"ఆయ్, నిజమేనండి. ఈయనొచ్చేసరికి లేదు."

"ముందే వచ్చి తీసి, మళ్లీ వచ్చుండొచ్చు కదండీ? మీరింత అమాయకులైతే పిల్లలకేం చెబుతారు?" అని నవ్వి, సూర్యకుమారి అటు తిరిగింది. "రేపట్నించి పడవ మీది కాదు, సూర్యారావు గారూ."

ఇరవై రెండేళ్లుగా తెడ్డేస్తున్న మనిషి మొహం పాలిపోయింది. టీచర్ ఏదో అనబోయింది. ఈలోగా బంగారరాజు లేచి నిలబడ్డాడు.

"ఆయన కాదండి. ఐదూ నేనే తీసేను."

"మీరా! ఎందుకండీ?"

నాలుగింటికి కారణం నోట రాదు. ఐదోది తనది కానే కాదు.

"మేస్త్రి గారు మంచం చేసుకుంటున్నారేమోనండి!" ఊపిరి తిరిగిన సూర్యారావు పకపకా నవ్వాడు.

టీచర్ పడవ దిగి, మిగతావాళ్లలా గెంతకుండా, ఖాళీ అంచున ఆగింది. చెయ్యి చాచింది. బల్ల లేని రోజుల్లో మాత్రమే చాచే చెయ్యి.

అంతమంది ముందూ బంగారరాజు దాన్ని అందుకున్నాడు. ఆవిడ ఇవతలికి అడుగేసింది. ఎప్పుడూ అక్కడితో వదిలేసేవాడు. ఈసారి వదల్లేదు. సుద్దముక్క తప్ప మరో పనిముట్టు ఎరగని ఆ అరచేతిలో, గునపం పట్టిన బొబ్బలు ఇంకా పచ్చిగా ఉన్నాయి.