మీటరు తెర మీది మాట

మా ఆయన సింహాద్రి ఆ సోమవారం టీ పెట్టుకుందామని లేచి, స్టవ్వు దగ్గరే కూలిపోయారు, మళ్లీ లేవలేదు. ఈ కాలపు చాలామంది ఇంజనీర్లలాగే ఆయనా ల్యాబుకు వెళ్లేవారు కాదు. వంటగది బల్ల దగ్గర కూర్చుని ఒక్కో వరుస టైపు చేస్తే, విశాఖ ల్యాబులో చెవి మిషన్లను పరీక్షించే మీటరు కొలిచి జవాబు పంపేది.

ఇరవయ్యో రోజున ల్యాబు నుంచి, ఆయనతో పనిచేసే పైడితల్లి ఫోను చేసింది.

"వదినా, ఇన్నాళ్లూ అడగడానికి నోరు రాలేదు. మేం మీటలు నొక్కితే మీటరు పలకట్లేదు. అన్నయ్య కంప్యూటరు మాటే వింటాది. 'వదిలెయ్' అని ఒక్క లైను కొట్టవా? నలభై మంది పిల్లల చెవి మిషన్లు పరీక్ష కాక ఇక్కడే ఆగిపోనాయి."

వాటిలో ఒకటి నేను పాఠం చెప్పే నాలుగో తరగతి చాందినిది. టైపు చేయబోయి, ముందు నీ తెర మీద ఏముందని మీటరును అడిగాను. క్షణంలో జవాబు వచ్చింది: "ఎవరూ ముట్టుకోకండి. టీ తాగి వస్తాను."

"వదిలేస్తే ఇది చెరిగిపోతుందా?"

"పోద్ది వదినా. ఫొటో తీసి పంపుతాన్లే. అన్నయ్య టీ అంటే గంట కదా, ఆ రోజు మేమూ ఏటీ అనుకోలేదు."

ఫొటోను అడిగితే అది జవాబివ్వదు. మీటరును మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది.

మర్నాడు కూడా చాందిని మొదటి బెంచీలో కూర్చుని, నా పెదాలు చూస్తూ పాఠం తెలుసుకుంది. "వదిలెయ్" అని తప్పు లేకుండా టైపు చేసి ఉంచాను. పంపే మీట ఇంకా నొక్కలేదు.