మసక లైటు

“గోళీలు మంచిగ పనిచేస్తున్నయ్ డాక్టరమ్మా, లేజర్ వద్దు,” అన్నాడు సదయ్య.

డాక్టరమ్మ బల్ల మీది సీసా చేతిలోకి తీసుకుంది. “ఇవి యాంటీఆక్సిడెంట్లు. షుగర్ వల్ల కంట్లో కారే రక్తాన్ని ఆపుతాయని ఎక్కడా తేలలేదు. అసలు షుగర్ గోళీలు వేసుకుంటున్నారా?”

సదయ్య భార్య జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇవేసుకుంటె అవి అక్కర్లేదని ఖని చౌరస్తల అమ్మెటాయన అన్నడమ్మా. నేనే బంద్ జేయించిన.”

“ఎందుకేడుస్తవే? నా కండ్లకేం గాలె. బొగ్గుబాయిల టోపీకి పెట్టే లైట్లే ఖరాబైనయ్. ఎన్ని మార్చినా మసకనే. అద్దం తుడుసుకుంట తుడుసుకుంట పనిజేస్తున్న.”

డాక్టరమ్మ లేచి కిటికీ తెర పక్కకు లాగింది. మధ్యాహ్నపు ఎండ సూటిగా సదయ్య ముఖం మీద పడింది.

“ఇప్పుడు ఎదురుగా ఏం కనిపిస్తోంది?”

సదయ్య అలవాటుగా చెయ్యెత్తి లైటు అద్దం తుడవబోయాడు. వేళ్లకు ఉత్త నుదురు తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“జమునా,” అన్నాడు మెల్లగా. “మనం బాయిల లేము గద?”